ఏ మిగ్ మిషన్ కొనాలి: లోహ బదిలీ పద్ధతిని బట్టి ఎంపిక

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాదులోని బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో గానీ మిగ్ మిషన్, అంటే తీగను కరిగించి గ్యాస్ రక్షణలో వెల్డింగ్ చేసే యంత్రం, కొనడానికి వచ్చినవారు దుకాణదారును మొదట అడిగేది అది ఎన్ని ఆంపియర్లదని, ఆ వెంటనే ధర ఎంతని. రెండూ అడగవలసిన ప్రశ్నలే గానీ, వాటికంటే ముందు తేలవలసిన సంగతి మరొకటి ఉంది. తీగ కొసన కరిగిన లోహం జాబ్ (వెల్డు చేసే లోహపు ముక్క) మీదికి ఏ పద్ధతిలో చేరితే మీ పని బాగుంటుంది అన్నదే ఆ సంగతి. లోహ బదిలీ అని పిలిచే ఈ విషయం నిర్ణయమైతే ఏ గ్యాస్ వాడాలి, ఎంత లావు తీగ వేయాలి, ఎన్ని ఆంపియర్లు కావాలి, సింగిల్ ఫేజ్ సరిపోతుందా అన్నవి దాని వెంటే తేలిపోతాయి. అది నిర్ణయం కాకుండా మిషన్ కొన్నవారు ఆ తర్వాత మిషన్‌కు తగిన పనిని వెతుక్కోవలసి వస్తుంది.

మిగ్ విధానంలో చుట్టగా ఉన్న తీగను రోలర్లు టార్చ్ (చేత్తో పట్టుకునే పిడి) గుండా ఆగకుండా ముందుకు తోస్తాయి. తీగకూ జాబ్‌కూ మధ్య ఆర్క్, అంటే విద్యుత్ మంట, మండుతుంది. టార్చ్ మూతి అయిన నాజిల్ నుంచి వచ్చే గ్యాస్ కరిగిన లోహానికి గాలి తగలకుండా చూస్తుంది. మామూలు రాడ్ వెల్డింగ్ మిషన్‌కూ దీనికీ అసలు తేడా విద్యుత్తును అందించే తీరులో ఉంది. రాడ్ మిషన్ కరెంటును ఇంచుమించు స్థిరంగా ఉంచితే, మిగ్ మిషన్ వోల్టేజిని స్థిరంగా ఉంచుతుంది. అందువల్ల తీగ వేగాన్ని పెంచగానే కరెంటు దానంతట అదే పెరుగుతుంది. వోల్టేజి నాబ్ ఆర్క్ పొడవును నిర్ణయిస్తుంది. పనివాడి చెయ్యి కాస్త పైకి లేచినా ఆర్క్ తిరిగి మునుపటి పొడవుకు వచ్చేస్తుంది. ఈ రెండు నాబ్‌లూ, ఎంచుకున్న గ్యాసూ కలిసి లోహం ఏ రూపంలో బదిలీ కావాలో శాసిస్తాయి.

ఈ విధానం 1948లో అమెరికాలోని బాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో రూపుదిద్దుకున్నప్పుడు జడ వాయువులతో, ముఖ్యంగా అల్యూమినియం వంటి లోహాలకు వాడేవారు. ఉక్కు పనికి ఆ వాయువులు మరీ ఖరీదయ్యేవి. 1953లో కార్బన్ డయాక్సైడ్‌ను రక్షక వాయువుగా వాడడం మొదలయ్యాక ఉక్కు పనిలో ఇది స్థిరపడింది. 1950ల చివర్లో సన్నని తీగతో షార్ట్ సర్క్యూట్ పద్ధతి వచ్చాకనే పలుచని రేకులకూ, నిలువు పనికీ, తల మీది పనికీ అక్కరకు వచ్చింది. ఒక్కొక్క బదిలీ పద్ధతికీ తగిన గ్యాస్ వేరని, గ్యాస్ మారితే పద్ధతి మారుతుందని గ్రహిస్తే ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది.

షార్ట్ సర్క్యూట్ పద్ధతి

మన షాపుల్లో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) వెల్డింగ్ పేరుతో జరిగే పనిలో అధిక భాగం ఇదే. తక్కువ వోల్టేజి వద్ద తీగ కొస కరిగిన మడుగును నేరుగా తాకుతుంది. తాకగానే షార్ట్ ఏర్పడి కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వేడికీ, విద్యుదయస్కాంత బలానికీ తీగ కొస సన్నబడి తెగి, చుక్క మడుగులో కలిసిపోతుంది. ఆర్క్ మళ్లీ వెలుగుతుంది. ఇదంతా సెకనుకు 20 నుంచి 200 సార్లు జరుగుతుంది. అమరిక కుదిరినప్పుడు పోపులో ఆవాలు చిటపటలాడినట్లు ఒకే లయలో చప్పుడు వస్తుంది. అనుభవజ్ఞులు మీటరు వైపు చూడకుండా ఆ చప్పుడును బట్టే వోల్టేజి సరిచేస్తారు. 0.8 మి.మీ. తీగకు ఈ పద్ధతి సుమారు 60 నుంచి 140 ఆంపియర్లు, 15 నుంచి 19 వోల్టుల మధ్య నడుస్తుంది. 1.2 మి.మీ. తీగకైతే సుమారు 100 నుంచి 220 ఆంపియర్లు, 17 నుంచి 22 వోల్టులు పడుతుంది.

వేడి తక్కువగా దిగడమే దీని బలం. స్క్వేర్ పైపుల గేట్లు, గ్రిల్స్, బీరువాల రేకులు, వాహనాల బాడీ పని వంటి 1 నుంచి 4 మి.మీ. మందంలోని పనులకు దీనికి మించినది లేదు. మడుగు చిన్నదిగా ఉండి త్వరగా గడ్డకడుతుంది గనుక నిలువు జాయింట్లోనూ, తల మీద చేసే జాయింట్లోనూ లోహం కారిపోదు. శుద్ధ సీఓటూతో పని నడుస్తుంది. ఆర్గాన్ 75 నుంచి 80 శాతం, మిగిలినది సీఓటూ ఉన్న మిశ్రమం వాడితే చిందులు (చుట్టూ ఎగిరిపడే లోహపు తుంపరలు) తగ్గి బీడ్ (వెల్డు గీత) నునుపుగా వస్తుంది.

అయితే ఈ బలమే మందపు ప్లేటు మీద బలహీనత అవుతుంది. 8 లేదా 10 మి.మీ. ప్లేటు వేడిని వేగంగా లాగేస్తుంది. దాని మీద షార్ట్ సర్క్యూట్ పద్ధతిలో వేసిన బీడ్ చూపుకు చక్కగా ఉన్నా, అడుగున ప్లేటు కరగకుండా లోహం దాని పైన పేరుకుని ఉండవచ్చు. రాడ్ వెల్డింగ్‌లో లోపముంటే చాలాసార్లు పైకే తెలుస్తుంది, ఇక్కడ పైకి తెలియదు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వారి ఉక్కు నిర్మాణాల ప్రమాణం ఏడబ్ల్యూఎస్ డీ1.1 మిగ్‌లోని ఇతర పద్ధతులను ముందస్తు అర్హత గలవాటిలో, అంటే వేరే పరీక్ష లేకుండా వాడదగినవాటిలో, చేర్చి, షార్ట్ సర్క్యూట్‌ను మాత్రం ఆ జాబితాలో చేర్చకపోవడానికి కారణం ఇదే. దానిని వాడదలచినవారు పరీక్షలు చేయించి నిరూపించుకోవాలి. నా అభిప్రాయంలో బరువు మోసే జాయింటు 6 మి.మీ. దాటితే ఈ పద్ధతిని నమ్ముకోకూడదు. ట్రాక్టర్ ట్రాలీ చట్రం, లారీ ఛాసిస్ మీది బిగింపులు, క్రేన్ బ్రాకెట్లు ఈ కోవలోకే వస్తాయి.

ఇక్కడే ఇండక్టెన్స్ అనే నాబ్ సంగతి చెప్పుకోవాలి. చౌక మిషన్లలో ఇది ఉండదు. ఉన్నా చాలామంది ముట్టుకోరు. షార్ట్ ఏర్పడినప్పుడు కరెంటు ఎంత వేగంగా పెరగాలో అది నిర్ణయిస్తుంది. మరీ వేగంగా పెరిగితే చుక్క పేలినట్లు తెగి చిందులు ఎగురుతాయి; మరీ నెమ్మదిగా పెరిగితే తీగ మడుగులో గుచ్చుకుని కుదుపులు వస్తాయి. ధరలో కొద్దిపాటి తేడా ఉన్న రెండు మిషన్లలో ఒకదానికి ఈ నాబ్ ఉండి మరొకదానికి లేకపోతే, 2 మి.మీ. రేకు పని ఎక్కువగా చేసేవారు మొదటిదే తీసుకోవడం మేలు.

పెద్ద చుక్కల పద్ధతి

సీఓటూతోనే తీగ వేగాన్నీ, వోల్టేజినీ పెంచుకుంటూ పోతే షార్టులు తగ్గి, తీగ లావు కన్నా పెద్ద చుక్కలు కొసన వేలాడి, ఒక క్రమం లేకుండా రాలడం మొదలవుతుంది. దీనిని గ్లోబ్యులర్ బదిలీ అంటారు. చిందులు ఎక్కువ, బీడ్ గరుకు, నిలువు పనికి పనికిరాదు. అయినా దీనిని తీసిపారేయడానికి లేదు. 300 ఆంపియర్లకు పైన 1.2 మి.మీ. తీగతో, ఆర్క్‌ను పొట్టిగా మడుగులోకి దించి పనిచేస్తే సీఓటూ లోతుగా కరిగిస్తుంది, గ్యాస్ ఖర్చూ తక్కువ. మందపు ప్లేటును బల్ల మీద పడుకోబెట్టి వెల్డు చేసే షాపులకు ఇది లాభసాటి పద్ధతే, గ్రైండింగ్‌కు మనిషిని పెట్టుకోగలిగితే.

ఒక్క భ్రమ మాత్రం వదులుకోవాలి. ఎంత పెద్ద మిషన్ కొన్నా, ఎన్ని ఆంపియర్లు పెట్టినా శుద్ధ సీఓటూతో నిజమైన స్ప్రే, అంటే లోహం సన్నని బిందువులుగా దూసుకుపోయే పద్ధతి, రాదు. స్ప్రే చేయగలదని చెప్పి అమ్మిన మిషన్ ఇంటికి వచ్చాక కూడా చిందులు తగ్గలేదని బాధపడేవారిలో చాలామంది పక్కన నిలబెట్టినది సీఓటూ సిలిండరే.

స్ప్రే పద్ధతి

గ్యాస్‌లో ఆర్గాన్ కనీసం 80 శాతం ఉండి, కరెంటు ఒక హద్దును దాటినప్పుడు తీగ కొస సూదిగా మారి, తీగ లావు కన్నా చిన్న బిందువులు వరుసగా, షార్టు అన్నదే లేకుండా ఆర్క్ గుండా దూసుకుపోతాయి. చిటపట పోయి నిలకడైన బుసబుస చప్పుడు మాత్రమే వినిపిస్తుంది, చిందులు ఇంచుమించు ఉండవు, లోతుగా కరుగుతుంది. ఆ హద్దునే పరివర్తన కరెంటు అంటారు, మిషన్ ఎంపికలో అన్నిటికన్నా నిర్ణాయకమైన అంకె ఇదే. 98 శాతం ఆర్గాన్, 2 శాతం ఆక్సిజన్ మిశ్రమంలో మామూలు ఉక్కు తీగకు ఇది 0.9 మి.మీ. వద్ద సుమారు 165 ఆంపియర్లు, 1.2 మి.మీ. వద్ద సుమారు 220 ఆంపియర్లు. సీఓటూ పాలు పెరిగేకొద్దీ ఈ హద్దు పైకి జరుగుతుంది. 80 శాతం ఆర్గాన్, 20 శాతం సీఓటూ మిశ్రమంలో 1.2 మి.మీ. తీగకు సుమారు 255 నుంచి 260 ఆంపియర్లు దాటాలి.

దీనిని బట్టి 250 ఆంపియర్ల మిషన్‌కు 1.2 మి.మీ. తీగ తొడిగి, ఆ మిశ్రమంతో స్ప్రే ఆశించడం వ్యర్థమని తెలుస్తుంది. మిషన్ గరిష్ఠ శక్తి వద్ద కూడా హద్దు దాటదు. దాటీ దాటకుండా ఉన్న చోట షార్టులూ, పెద్ద చుక్కలూ కలగలిసి ఏ పద్ధతి లాభమూ దక్కదు. అదే మిషన్‌కు 0.8 లేదా 0.9 మి.మీ. తీగ వేసి, ఆర్గాన్ ఎక్కువగా ఉన్న మిశ్రమం వాడితే స్ప్రే అందుతుంది. రోజంతా 1.2 మి.మీ. తీగతో స్ప్రే చేయవలసిన షాపు 350 లేదా 400 ఆంపియర్ల మిషన్ వైపే చూడాలి. ప్రతిఫలంగా వచ్చేది వేగం: 1.2 మి.మీ. తీగను నిమిషానికి 10 మీటర్ల చొప్పున నడిపితే గంట ఆర్క్‌కు 5.3 కిలోల లోహం పడుతుంది. షార్ట్ సర్క్యూట్‌లో అదే తీగ నిమిషానికి 4 మీటర్ల చొప్పున నడిస్తే పడేది 2.1 కిలోలు.

పరిమితులూ ఉన్నాయి. మడుగు పెద్దదిగా, పలుచగా ఉంటుంది గనుక ఉక్కులో స్ప్రేను చదునుగా ఉన్న జాయింట్లకూ, అడ్డంగా ఉన్న ఫిల్లెట్లకూ (రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే వెల్డులకూ) పరిమితం చేయాలి. 3 మి.మీ. కన్నా పలుచని రేకు కాలి చిల్లుపడుతుంది. టార్చ్ వేడెక్కుతుంది, 300 ఆంపియర్లకు పైన గంటల తరబడి పనిచేసేవారు నీటితో చల్లబడే టార్చ్ గురించి ఆలోచించాలి.

పల్స్ పద్ధతి

స్ప్రేలోని శుభ్రతను తక్కువ వేడితో సాధించడానికి వచ్చినది పల్స్. మిషన్ ఆర్క్‌ను నిలిపి ఉంచడానికి మాత్రమే చాలినంత తక్కువ కరెంటును పంపుతూ, మధ్యమధ్య క్షణకాలం పరివర్తన హద్దును దాటే ఎక్కువ కరెంటును పంపుతుంది. సరిగా అమర్చిన మిషన్‌లో ఒక్కో పల్స్‌కు ఒక్కో బిందువు రాలుతుంది. సగటు కరెంటు హద్దుకు దిగువనే ఉంటుంది గనుక నిలువు పనికీ, పలుచని లోహానికీ వాడవచ్చు. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ పనిలో ఈ తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అల్యూమినియంకు షార్ట్ సర్క్యూట్ పద్ధతి నప్పదు. శుద్ధ ఆర్గాన్‌తో స్ప్రే లేదా పల్స్ కావాలి, 2 లేదా 3 మి.మీ. రేకులకు పల్స్ అయితేనే మేలు. స్టెయిన్‌లెస్‌కు సీఓటూ ఎక్కువైతే వెల్డులో కార్బన్ పెరిగి తుప్పును తట్టుకునే గుణం దెబ్బతింటుంది గనుక ఆర్గాన్‌లో 2 శాతం సీఓటూ వంటి మిశ్రమమే వాడాలి.

పల్స్ మిషన్‌లో చూడవలసినది సినర్జిక్ పట్టికల నాణ్యత. లోహం, తీగ లావు, గ్యాస్ పేర్కొంటే పల్స్ వివరాలన్నీ మిషన్ తానే లెక్కకట్టుకోవాలి. మీరు వాడబోయే గ్యాస్‌కు సరిపోయే పట్టిక అందులో లేకపోతే పల్స్ అన్న మాటకు చెల్లించిన డబ్బు వృథా. మామూలు ఉక్కు గేట్లు, షెడ్లు చేసేవారు పల్స్ మిషన్ కొనడం నా దృష్టిలో అనవసరపు ఖర్చే. ఆ సొమ్ముతో మంచి 4 రోలర్ల ఫీడరు (తీగను తోసే భాగం), మేలైన టార్చ్ కొంటే ఫలితం ఎక్కువ.

ఇవి గాక ఫ్రోనియస్ వారి సీఎంటీ, లింకన్ ఎలక్ట్రిక్ వారి ఎస్‌టీటీ వంటి మెరుగుపరిచిన షార్ట్ సర్క్యూట్ పద్ధతులు ఉన్నాయి. మొదటిది షార్ట్ ఏర్పడగానే తీగను యాంత్రికంగా వెనక్కి లాగుతుంది. రెండోది కరెంటును క్షణక్షణం నియంత్రిస్తుంది, పైపులైన్ల రూట్ పాస్‌కు (జాయింటు అడుగున వేసే మొదటి పొరకు) దీనికి మంచి పేరుంది. కారు విడిభాగాల కర్మాగారాలకూ, పైపు కాంట్రాక్టర్లకూ ఇవి తగినవి.

పేరులోని అంకె, పలకలోని అంకె

మిషన్ పేరులో 250 అని ఉన్నంత మాత్రాన అది రోజంతా 250 ఆంపియర్లు ఇవ్వదు. వెనుక బిగించిన పలక మీద డ్యూటీ సైకిల్ చూడాలి. ఇది 10 నిమిషాల లెక్క: 60 శాతం అంటే 6 నిమిషాలు వెల్డింగ్, 4 నిమిషాల విరామం. 250 ఆంపియర్లకు 60 శాతం ఉన్న మిషన్ ఆగకుండా దాదాపు 194 ఆంపియర్లు ఇవ్వగలదు. అదే 250కి 25 శాతమే ఉన్న మిషన్ ఆగకుండా ఇవ్వగలిగేది 125 మాత్రమే. పేరు ఒకటే అయినా అవి రెండు వేర్వేరు మిషన్లు. ఐఈసీ 60974-1 ప్రమాణం ప్రకారం ఈ పరీక్ష 40 డిగ్రీల వేడిలో జరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నపు వేడి దానిని మించుతుంది గనుక పలక మీది అంకెలో కొంత తగ్గించుకునే లెక్క వేయాలి.

ఆ వేడికి తాళలేక వెల్డరు పక్కన పెడస్టల్ ఫ్యాన్ పెట్టుకోవడం మనవైపు మామూలే. నాజిల్ దగ్గర గాలి వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటితే గ్యాస్ తెర చెదిరి బీడ్‌లో గుల్లలు పడతాయి. మిషన్ బాగాలేదని తిరిగి పంపే ముందు ఫ్యాన్ ముఖం ఎటు ఉందో చూసుకోవాలి.

విద్యుత్ కనెక్షన్ మరో హద్దు. 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిషన్ పూర్తి శక్తితో నడిచినప్పుడు 30 ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఇంటి వైరింగ్ దానిని భరించదు. 400 ఆంపియర్ల వద్ద ఆర్క్‌కే 34 వోల్టుల చొప్పున 13.6 కిలోవాట్లు కావాలి, మిషన్ నష్టాలు దానికి అదనం. త్రీ ఫేజ్ తప్ప దారి లేదు. ఇక మిషన్ రకాల్లో, ట్యాపులు మార్చే పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ మొండిది, మరమ్మతు తేలిక, కానీ వోల్టేజి మెట్లు మెట్లుగానే మారుతుంది గనుక పలుచని రేకుకు సరిగా కుదరదు. థైరిస్టర్ (ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో వోల్టేజిని నియంత్రించే) మిషన్ బరువైనా దుమ్మునూ, వోల్టేజి హెచ్చుతగ్గులనూ బాగా ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ తేలిక, కరెంటు బిల్లు తక్కువ, ఆర్క్ నియంత్రణ మేలు. గ్రైండింగ్ పొడి లోపలి బోర్డు మీద చేరితే మాత్రం దానికి ఆపద. వోల్టేజి పడిపోయే పల్లెటూరి షాపుకు, ఒకే చోట కదలకుండా ఉంచే పనికి నేను ఇప్పటికీ థైరిస్టర్ మిషన్‌నే సూచిస్తాను. సైటుకు మోసుకుపోయేవారికి ఇన్వర్టరే శరణ్యం. ఆరుబయట గాలిలో పనిచేసేవారు గ్యాస్ అక్కర్లేని, లోపల పొడి నింపిన ఫ్లక్స్ కోర్ తీగ కూడా వాడగలిగేలా టార్చ్, ఎర్త్ ధ్రువాలను తారుమారు చేసుకునే వీలున్న మిషన్ తీసుకోవాలి.

గ్యాస్ ఖర్చును పోల్చేటప్పుడు సిలిండర్ ధరలు మాత్రమే చూస్తే పొరపాటు. సీఓటూ సిలిండర్‌లో ద్రవరూపంలో ఉంటుంది. 30 కిలోల సిలిండర్ దాదాపు 16,000 లీటర్ల గ్యాస్ ఇస్తుంది, నిమిషానికి 12 లీటర్ల చొప్పున సుమారు 22 గంటల ఆర్క్‌కు సరిపోతుంది. ఆర్గాన్ మిశ్రమం వాయురూపంలోనే ఉంటుంది. 7 ఘనపు మీటర్ల సిలిండర్ నిమిషానికి 15 లీటర్ల చొప్పున 8 గంటలు కూడా రాదు. చిందులు గోకడానికీ, గ్రైండింగ్ వీల్స్‌కూ, కూలికీ అయ్యే ఖర్చును కలిపి చూసినప్పుడే మిశ్రమం లాభమో నష్టమో తేలుతుంది. పెయింటు పడి పైకి కనిపించే పనికి అది తరచుగా లాభమే, కనిపించని చట్రానికి సీఓటూ చాలు. సీఓటూ ద్రవం ఆవిరయ్యేటప్పుడు రెగ్యులేటర్ మంచు కట్టి గ్యాస్ ఆగుతుంది గనుక హీటర్ ఉన్న రెగ్యులేటర్, దానికి మిషన్ వెనుక 36 వోల్టుల సాకెట్ ఉన్నాయో లేదో చూడాలి.

ఇన్నిటిని కలిపి చెప్పాలంటే, గేట్లు, గ్రిల్స్, ఫర్నిచర్ చేసే చిన్న షాపుకు 200 నుంచి 250 ఆంపియర్ల మిషన్, మామూలు ఉక్కుకు వాడే 0.8 మి.మీ. ఈఆర్70ఎస్-6 తీగ, సీఓటూ సరిపోతాయి. ట్రాలీలు, షెడ్డు స్తంభాలు, 6 నుంచి 12 మి.మీ. ప్లేట్ల పని ఉన్నవారికి త్రీ ఫేజ్ మీద 60 శాతం డ్యూటీ సైకిల్‌తో 400 ఆంపియర్ల మిషన్, విడిగా ఉండే ఫీడరు, 1.2 మి.మీ. తీగ అవసరం, సీఓటూతో మొదలుపెట్టి తర్వాత మిశ్రమానికి మారినా మిషన్ మార్చనక్కర్లేదు. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ నిత్యం వచ్చే షాపుకు మాత్రమే పల్స్ మిషన్. అల్యూమినియం తీగ మెత్తన గనుక యూ ఆకారపు గాడి ఉన్న రోలర్లు, టెఫ్లాన్ లైనరు (తీగ జారే లోపలి గొట్టం) లేదా స్పూల్ గన్ (తీగ చుట్ట తన మీదే ఉండే టార్చ్) కూడా దానితో పాటే కొనాలి. రెండు రకాల పనీ సగం సగం ఉన్నవారు ఒక్క మిషన్‌తో అన్నీ సాధించాలని చూడడం కన్నా, మందపు పనికి తగిన మిషన్ కొని, పలుచని పనికి పాత చిన్న మిషన్‌ను అట్టిపెట్టుకోవడం నయం.

డబ్బు చెల్లించే ముందు మీరు రోజూ వాడే ప్లేటు ముక్కలనే దుకాణానికి పట్టుకెళ్లి, మీరు వాడబోయే గ్యాస్‌తోనే టీ ఆకారపు జాయింటు ఒక వైపు మాత్రమే వెల్డు చేయించండి. చల్లారాక దానిని వైస్‌లో బిగించి, వెల్డు ఉన్న వైపుకు సమ్మెటతో వంచి విరగగొట్టి, మూల దగ్గర ప్లేటు అంచు కరిగిందో, కోసినప్పటి గీతలు అలాగే ఉన్నాయో చూడండి. గీతలు అలాగే ఉంటే ముందు వోల్టేజినీ, తీగ వేగాన్నీ పెంచి మరో ముక్క చేయించండి. అప్పటికీ అవే గీతలు కనిపిస్తే ఆ మందానికి ఆ మిషన్ తగదు.